నోరీన్ వేసిన ద్వీపాంతర శిక్షలు

సోమవారం ఉదయం మా బడి హెడ్మాస్టరు క్లైవ్ డౌసెట్ ఒక అల్లం బిస్కెట్టు దొంగిలించిన నేరానికి ఏడేళ్ల ద్వీపాంతరవాస శిక్ష పొంది, ఆటస్థలంలో ఇటుకలు మోశాడు. నడుం పట్టేసింది. మంగళవారం సెలవు పెట్టాడు.

శిక్ష వేసింది నాలుగో తరగతి టీచరు నోరీన్ ట్రాంటర్. ఆవిడకున్నది ఒకటే జబ్బు. మా టాస్మేనియా దీవికి ఇంగ్లండు నుంచి ఓడల్లో ఖైదీలను తెచ్చి దింపిన కాలం నాటి పాఠం మొదలైందంటే, ఎదురుపడ్డ ప్రతివాడికీ ఓ నేరం అంటగట్టి శిక్ష వేస్తుంది. పక్క గదిలో పాఠం చెప్పుకునే నాకు, దగ్గినందుకు కొరడా దెబ్బలు పడ్డాయి. నోటిమాటగానే లెండి.

ఇక ఆ అవతారం! బంగాళాదుంపల గోతానికి కన్నం పెట్టి మెడలో దిగేసుకుంటుంది. ఖైదీల తిండి అంటూ నిప్పుల్లో కాల్చిన రొట్టె తెస్తుంది. దాంతో జైలు గోడే కట్టొచ్చు.

"నోరీన్, పిల్లల పళ్లు ఊడతాయే!"

"అప్పట్లో ఎవడికున్నాయి పళ్లు? తిను."

ఈ పాఠం చివర్న వచ్చే వేషాల రోజున, ఖైదీలను కాసే సిపాయిల ఎర్రకోట్ల కోసం పిల్లలు ఏటా జుట్లు పట్టుకుంటారు. ఈసారి ఆవిడ ఆ కోట్లన్నీ బీరువాలో కుక్కి తాళం వేసేసింది.

"అందరూ ఖైదీలే. నువ్వూ, క్లైవూ కూడా."

"మరి కాపలా ఎవరు?"

"ఎందుకూ? చుట్టూ సముద్రం ఉందిగా."

పిచ్చి ముదిరిందనుకున్నాను.

ఆ తరగతిలో టెగన్ అనే పిల్ల తండ్రి ఈమధ్యే జైలుకెళ్లాడు. "దొంగ కూతురు" అని తోటివాళ్లు ఏడిపిస్తుంటే అది మాట్లాడటమే మానేసింది. ఇంకొక్కసారి ఏడుస్తూ ఇంటికొస్తే బడి మాన్పిస్తానని తల్లి చెప్పి వెళ్లింది.

వేషాల రోజున పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున కాగితపు గొలుసులు కట్టుకుని నేరాలు చెప్పుకుంటున్నారు.

"నేను జేబురుమాలు కొట్టేశా!"

"నేను గొర్రెని ఎత్తుకెళ్లా!"

అందరూ టెగన్ వైపు తిరిగారు.

"నేను రెండు గొర్రెల్ని," అంది టెగన్. "కాపరి లాగూ కూడా."

ఆటస్థలమంతా గొల్లుమంది. గొలుసుకి రెండో కొసనున్న ఇమోజెన్ లాంగ్డన్ కళ్లింత చేసుకుని, "లాగూ ఎలా లాగావే?" అని వెంటపడింది. ఎర్రకోట్లు బీరువాలోకి ఎందుకెళ్లాయో అప్పటికిగాని నా మట్టిబుర్రకెక్కలేదు.

సాయంత్రం ఇమోజెన్ తల్లి ఊడిపడింది. వాళ్ల ముత్తాతెవరో గవర్నరు గుర్రానికి జీను బిగించాడట. ఆ గొప్ప ఇప్పటికీ ఆవిడ ముక్కు మీంచి దిగలేదు.

"మిసెస్ ట్రాంటర్! అధికారుల వంశం మాది. మా అమ్మాయిని ఆ జైలుపక్షి కూతురితో కలిపి కట్టేస్తారా? ఆ గొలుసు ఇప్పుడే విప్పండి!"

నోరీన్ గోతాం దులుపుకుంది.

"అది పొద్దున్నే తెగిపోయిందండీ, మీ అమ్మాయే టెగన్ చెయ్యి పట్టుకుని వదలడం లేదు."