ఇసుక పరుపు, ఆరిన పొయ్యి

గోబర్ గ్యాస్ గుంతను ఆరు నెలల్లో సముద్రపుటొడ్డుగా మార్చిన మొనగాడు కవిటి చుట్టుపక్కల ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి నేనే. నవ్వదలుచుకుంటే ఇప్పుడే మొదలుపెట్టండి, తరవాత తీరిక ఉండదు.

నాకు నాలుగు ఆవులు. వాటి పేడతో వెలిగే గ్యాసు పొయ్యంటే మా ఆవిడ దమయంతికి ప్రాణం. కట్టెల పొగకు దగ్గి దగ్గి, పట్టుబట్టి కట్టించుకుంది. ఓ రోజు ఫోన్లో చూశాను: ఎక్కడో ఆవులు ఇసుక పరుపు మీద జమీందార్లలా పడుకుని నెమరేస్తున్నాయి. మా కొబ్బరితోటలో ఇసుకకేం కొదవ? నాలుగు బళ్లు తోలించి ఆవుల శాలంతా జానెడు మందాన పరిచేశాను.

"పేడలో ఇసక కలిసిపోద్ది. గేసు ఆగిపోతే?" అంది దమయంతి.

"ఆగితే కట్టెల పొయ్యి నేనే ఊదుతాను, సరేనా?"

ఆవులు సుఖపడ్డాయి. రోజూ ఇసుకతో సహా పేడెత్తి, నీళ్లు కలిపి గుంతలో పోసేవాణ్ణి. గుంత మీద బోర్లించిన డ్రమ్ము, గ్యాసు నిండితే పైకి లేవాల్సింది, రోజురోజుకీ కిందికి దిగింది.

"సలికాలం కదే, గేసు ముడుసుకుంటది!" అన్నాను, శాస్త్రవేత్తలా.

ఓ ఆదివారం భావనపాడు నుంచి దమయంతి తమ్ముడు అప్పన్న చేపలు పట్టుకొచ్చాడు. కూర పొయ్యెక్కిందో లేదో, మంట ఫుస్సుమని ఆరిపోయింది. అప్పన్న ఓ వెదురుగడ తెచ్చి డ్రమ్ము పక్క సందులోంచి గుంతలోకి దించాడు. మూరెడు దిగి ఆగింది.

"బావా, గుంత లోతెంత?"

"రెండు నిలువులు."

"మరి మోకాల్లోతులోనే నేల తగిలిందేటి? ఇది గుంత కాదు బావా, మా రేవే! పడవ తెచ్చి లంగరేసీమంతావా?"

పరుచుకున్నవారికి పరుచుకున్నంత! నిజం చెప్పొద్దూ, సిగ్గుతో చచ్చిపోయాను. మాటిచ్చిన పాపానికి కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదాను. పొగ తప్ప మంట రాలేదు. కళ్లు గోదారులయ్యాయి.

"ఏడుత్తన్నావేటి?" అంది దమయంతి.

"ఏడుపేటి? కంట్లో ఇసక పడింది."

"ఇంకా మిగిలిందేటి? అంతా గుంతలో పోసీసావనుకున్నాను!"

గుంతలో ఇసుక తోడడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ పొయ్యి ఊదిన ఈ నోటితోనే ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఆవులకు ఇసుక పరుపు వేయను. అంతగా కావాలంటే మా పరుపే ఇచ్చేస్తాను. ఆ సంగతి దమయంతికి ఇంకా చెప్పలేదు.