తమ్మిలేటి కోటకు ద్వారం

మా పొలం ఏలూరుకి ఎగువన, తమ్మిలేటి గట్టున. పక్కనే పాటిదిబ్బ. ఎప్పుడో ఊరుండి పోయిన చోటు కదా, ఆ బూడిదమట్టి వేస్తే వరి ఏపుగా వస్తుందని తాతల నాటి నుంచీ వేసవిలో బళ్లకెత్తి పొలాలకి తోలేవారు. ఊరంతా తోలింది. మా ఆయనా తోలారు.

మొన్న వేసవిలో తవ్వకాలవాళ్లొచ్చి ఆ దిబ్బ తవ్వితే ఏటి పొడవునా పాతకాలపు కోటగోడ బయటపడింది. మూరెడేసి ఇటుకలు! మా గేదెలపాక గోడ అచ్చం ఆ ఇటుకలే మరి.

తవ్వకం చూసే ఆఫీసరు మా అమ్మాయి ఈడు పిల్ల. ఓరోజు మా ఇద్దర్నీ పిలిచి, గోడ మధ్యలో నాలుగు బారల ఖాళీ చూపించింది.

"ఇది ఏటిరేవుకి దిగే కోటద్వారమండీ. రేపు మా పెద్దవాళ్లొస్తున్నారు, రిపోర్టులో ఇదే ముఖ్యం" అంది సంబరంగా.

మా ఆయన "అంతేనండీ, అంతేనండీ" అని తలూపారు. నాకు ఒళ్లు మండింది. ఆ ఖాళీ, మట్టి తోలేటప్పుడు పాక కోసం ఈయన ఇటుకలు పీకిన చోటు!

ఇంటికొచ్చాక కడిగేశాను. "సిగ్గులేదటండీ? చదువుకున్న పిల్ల, మీ మూలాన అబద్ధం రాస్తోంది."

"ఊరుకోవే! చెబితే కేసు పెడతారు. దిబ్బ పక్కదని పొలం కూడా లాక్కుంటే ఏం తింటాం?"

భయం నాకు మాత్రం లేదా? ఉన్నదే ఆ రెండెకరాలు.

మర్నాడు పొద్దున్న ఆ అమ్మాయి గ్రాఫుకాగితం మీద ద్వారం గీస్తోంది. ఏలూరు నుంచి కార్లు గట్టెక్కుతున్నాయి. ఏమైతే అయిందని నేను నోరు తెరిచేలోపే, మా ఆయన భుజమ్మీద తువ్వాలు తీసి చేతుల్లో నలుపుతూ ముందుకెళ్లారు.

"అది ద్వారం కాదమ్మా. ఆ ఇటుకలు నేనే పీకాను. మా పాకలో ఉన్నాయి."

ఆ పిల్ల పెన్సిలు ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"కేసు సంగతి నా చేతుల్లో లేదండీ, పైవాళ్లకి చెప్పాలి" అని, గీసిందంతా రబ్బరుతో చెరిపేస్తూ నీరసంగా అంది, "అయితే ఈ కోటకి ఏటివైపు ద్వారమే లేదన్నమాట."

అయిపోయింది, ఇక మా ఆయన వెనక్కొచ్చేస్తారనుకున్నాను. ఈయన కదల్లేదు.

"ఉండేదండీ. ఇంకాస్త అవతల, గోడ తెగిపోయిన చోట. ఇంత పొడుగు రాతి గడప, తలుపు తిరిగే గుంటలతో సహా. పగలగొట్టి మా పొలం తూముకి వేశాను."

ఆ పిల్ల రబ్బరు కింద పెట్టి ఏడ్చేసింది. ముప్ఫయ్యేళ్లు ఆ తూము మీదే కూర్చుని అన్నం పెట్టాను ఆ మనిషికి. ఒక్కనాడూ నాకు చెప్పలేదు.