మసాలా తెర మీద తబిత

తబిత పనిచేసే ఆఫీసు అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, మూడో అంతస్తులో ఉంది. తాకితే బొమ్మ కదిలి, గొంతు వినిపించే తెరలు తయారుచేయడం అక్కడి పని. బడులు, నగల దుకాణాలు వాళ్ల దగ్గర చేయించుకుంటాయి.

ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. డిగ్రీ సగంలో ఆగింది. ఇరవై మూడేళ్ల క్రితం పిల్లల పాటల సీడీలకు బొమ్మలు గీసే పనిలో చేరి, ఆ బొమ్మలను కదిలించే కోడ్‌ను పక్క సీటులో చూసి నేర్చుకుంది. ఆ కోడ్ నడిచే, ఇన్నేళ్లూ అన్నం పెట్టిన సాఫ్ట్‌వేర్‌ను కొన్నేళ్ల క్రితం బ్రౌజర్లన్నీ వదిలేశాయి. నలభై మూడో ఏట జావాస్క్రిప్ట్ అనే కొత్త కోడ్ భాషను మొదటి పాఠం నుంచి మొదలుపెట్టింది.

అయినా యజమాని విజయేందర్ కోడ్ పనిని ఇంజినీరింగ్ చదివిన అక్షితకు అప్పగించి, తబితను ఫొటోల అంచులు కత్తిరించడానికి పెట్టాడు. కస్టమర్లు చదువు అడుగుతారన్నది అతని కారణం. ఆమె వాదించలేదు, మరిచిపోనూ లేదు.

ఈ జనవరిలో బేగం బజార్ మసాలా వ్యాపారి వామన్‌రావు నాంపల్లి ఎగ్జిబిషన్‌లోని తన స్టాలుకు ఒక తెర చేయించాడు. యాలకులను ముట్టుకుంటే తోట కనిపిస్తుంది, అవి కూరలో ఎప్పుడు పడాలో ఒక గొంతు చెబుతుంది. ఆఫీసులో బాగా నడిచిన ఆ తెర స్టాలులో మొదటి రోజే రెండు గంటల్లో బిగుసుకుపోయింది. రెండో రోజు దాల్చినచెక్కను తాకితే మిరియాల గొంతు పలికింది, దాని మీద లవంగాల గొంతు. పిల్లలు పడీపడీ నవ్వారు. వామన్‌రావు నవ్వలేదు.

ముప్పై ఏళ్లుగా స్టాలు పెడుతున్నానని, ఎన్నడూ ఇట్లా నలుగురిలో పలచన కాలేదని విజయేందర్‌ను పిలిపించి చెప్పాడు. "ఆదివారం ఒక్కరోజు చూస్త. ఒక్కసారి ఆగినా తీసేసి మామూలు టీవీ పెట్టుకుంట."

అది శుక్రవారం. గంటకోసారి తెరను ఆపి మళ్లీ మొదలుపెడదామని విజయేందర్ అన్నాడు. అది మందు కాదని తబిత చెప్పింది.

"నాకు ఇయ్యి విజయేందర్. ఆదివారం ఆగిందంటే ఇంక కోడ్ పని ఎన్నడు అడగ."

అతనికి వేరే దారి లేదు. ఇచ్చాడు.

శనివారం అక్షితను పక్కన కూర్చోబెట్టుకుని కోడ్ తెరిచింది. గంటలో జబ్బు దొరికింది. కొత్త దినుసు వచ్చిన ప్రతిసారీ పాతదాన్ని కనబడకుండా దాచారు తప్ప తీసేయలేదు. ఆఫీసులో పది సార్లు తాకి చూశారు కాబట్టి తెలియలేదు. స్టాలులో వేల సార్లు తాకేసరికి దాగినవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుని, వేలు తగిలినప్పుడల్లా అక్కడి నుంచే పలుకుతున్నాయి.

"కనిపిస్తలేవు కద మేడమ్, గింత ఇబ్బంది ఎట్లయితది?" అంది అక్షిత.

తబిత చెప్పింది కంప్యూటర్ సంగతి కాదు. నాంపల్లిలోని తమ చర్చిలో క్రిస్మస్ నాటకం నడిపేది పంతొమ్మిదేళ్లుగా ఆమే. దేవదూత వేషం కట్టిన పిల్ల తన వంతు అయ్యాక స్టేజీ దిగదు, కింద తల్లికి ఇంకా ఫొటో సరిగా రాలేదు గనక. మొదటి ఏడాది వేదిక మీద చోటు చాలక ఇరవై రెండు మంది దేవదూతలను వెనక తెరచాటుకు నెట్టారు. ముందు రాజు వేషం వేసినతను కోపంగా ఆజ్ఞలు ఇస్తుంటే, పాటలు వాయించే కీబోర్డు మీద వాళ్లకు అలవాటైన స్వరం పడింది. తెర వెనక నుంచి దేవదూతలందరూ గొంతెత్తి పాట అందుకున్నారు. రాజుతో సహా చర్చి మొత్తం నవ్వింది.

మరుసటి ఏడాది నుంచి తబిత పద్ధతి మార్చింది. ఒక్కో గుంపుకు ఒక టీచరు. ఎక్కించినవాళ్లే దించాలి, మెట్ల దగ్గర లెక్క చూసి తల్లులకు అప్పగించాలి. ఫొటోలన్నీ అక్కడే.

"దాస్తే పోతరా పిల్లలు? చెయ్యి పట్టుకొని దింపాలె," అంది.

దించే భాగం తాను రాస్తానంది అక్షిత. ఒక్కో దినుసుకు చెందిన బొమ్మ, అక్షరాలు, గొంతు, తాకే చోటు అన్నిటినీ తబిత ఒకే గుంపుగా కట్టింది. కొత్త గుంపు రావాలంటే ముందు పాత గుంపు గొంతు ఆగాలి, తాకితే పలకడం మానాలి, మొత్తంగా తెర దిగిపోవాలి. ఆ క్షణాన తెర మీద ఎన్ని వస్తువులున్నాయో చూపే అంకె ఒకటి మూలన పెట్టింది. అక్షిత తెరను గంటసేపు రెండు చేతులతో బాదింది.

"పద్నాలుగు దాటుతలేదు మేడమ్."

ఆదివారం ఆరాధన అయ్యాక తబిత నేరుగా ఎగ్జిబిషన్‌కు వెళ్లింది. సాయంత్రానికి స్టాలు ముందు వరుస కట్టారు. పిల్లలు అరచేతులతో కొట్టారు, ఒకావిడ కొంగుతో తెర తుడిచి మరీ తాకింది. తెర ఆగితే మళ్లీ వేయడానికి విజయేందర్ స్విచ్చి దగ్గరే నిలబడ్డాడు. తబిత మూలనున్న అంకెను చూస్తూ నిలబడింది. స్టాలు మూసేదాకా తెర ఒక్కసారీ ఆగలేదు, ఒక దినుసు గొంతు ఇంకోదాని మీద పడలేదు.

ఎవరు బాగుచేశారని వామన్‌రావు అడిగాడు. మా టీమ్ అని విజయేందర్ మొదలుపెట్టాడు. తబిత అతన్ని పూర్తి చేయనివ్వలేదు.

"నేను రాసిన సార్. అక్షిత నాతోని కూసోని రాసింది."

వామన్‌రావు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఏం చదివావని అడగలేదు. "అట్లయితే వచ్చే సాలు ఎగ్జిబిషన్ తెర గూడ నువ్వే చెయ్యాలమ్మా. ఈయన్ని మధ్యల పెట్టకు."

"నన్ను గీడనే ఉండనియ్యి సేఠ్, స్విచ్చన్నా చూసుకుంట," అన్నాడు విజయేందర్.

సోమవారం నుంచి కోడ్ పనికి తబితే పెద్ద. కొత్త మనిషి దొరికేదాకా ఫొటోల అంచులు కత్తిరించడం విజయేందర్ మీద పడింది. జాపత్రి ఫొటో అంచు సరిగా రాలేదని తబిత రెండుసార్లు వెనక్కి పంపింది.