ఇప్పపువ్వు బొమ్మ ఎవరిది?

భద్రాచలం వైపు అడవి అంచున ఒక ఊరి బడిలో నేనొక్కదాన్నే టీచర్ని. గోడమీది అక్షరాల చార్టులో మా పిల్లలకు తెలిసిన వస్తువు ఒక్కటీ లేదు. అందుకని ఒక వేసవిలో ఆదివారాలన్నీ ఇంట్లో కూర్చుని కొత్త చార్టు గీశాను. ‘ఇ’ దగ్గర ఇప్పపువ్వు ఏరే పాప, ‘త’ దగ్గర తునికాకు కట్ట. ఆ పాపను మా బడిపిల్లను తలచుకుని గీశాను. అప్పట్లో దాని కాలి బొటనవేలికి దెబ్బ తగిలి ఎర్రగుడ్డ కట్టుకుని తిరిగేది. అదీ గీశాను.

గీసింది గీసినట్టు ఫోటో తీసి టీచర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. అసలు చార్టు ఆ వానాకాలమే బడి కప్పు కారి నానిపోయింది.

రెండేళ్ల తర్వాత ఖమ్మంలో పుస్తకాల షాపులో ఒక వర్క్‌బుక్ తెరిస్తే అదే పాప, వేలికి అదే ఎర్రగుడ్డ. బొమ్మలు వేసినవారి చోట ఎవరిదో పేరు. ఆ పుస్తకం కొనుక్కుని బయటికొచ్చాను.

తోటి టీచర్ నన్నొక వకీలు దగ్గరికి తీసుకుపోయింది.

“బొమ్మలకు కాపీరైట్ రిజిస్ట్రేషన్ చేయించిండ్రా?”

“లేదు సార్. చేయించాలని తెల్వదు.”

“లేకున్నా గీసిన రోజు నుంచే హక్కు ఉంటది. కానీ మీరే గీసిండ్రని చూపెట్టాలె. అసలు చార్టు ఏది?”

నానిపోయిందని చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

“బడి టైముల గీసిండ్రా, ఇంట్లనా? డ్యూటీ కింద గీస్తే అది సర్కారుది అనొచ్చు.”

అప్పుడు ఏడుపొచ్చింది. నా ఆదివారాలకు సాక్ష్యం ఎక్కడ తేను? నా పాత ఫోను ఎప్పుడో పాడైంది. తోటి టీచర్ తన ఫోనులో వెతికి వెతికి నా మెసేజీ పట్టుకుంది. అది నేను ఒక ఆదివారం మధ్యాహ్నం పెట్టిన ఫోటో. ‘ఇంటి పని అయ్యేసరికి ఇంతే అయింది’ అని కింద రాసి ఉంది.

“మరి ఈ ఎర్రగుడ్డ ఏంది?” అన్నాడు వకీలు. దెబ్బ సంగతి చెప్పాను.

“గిది మాత్రం వాళ్లు చెప్పలేరమ్మా,” అన్నాడు.

నా పేరు వేయాలి, లేదా బొమ్మలు ఆపాలి అని ఆ పుస్తకం అచ్చేసినవాళ్లకు నోటీసు పంపాం. ఇంటర్నెట్‌లో దొరికితే ఎవరైనా వాడుకోవచ్చనుకున్నాం అని వాళ్ల జవాబు. తర్వాత ఎన్నిసార్లు సెలవు పెట్టానో, ఖమ్మం బస్సులో ఎన్నిసార్లు నిలబడి పోయానో. పోయిన ప్రతిసారీ అదే కథ మొదటి నుంచి చెప్పడం.

ఒకరోజు బడిలో ఉండగా వకీలు ఫోన్ చేశాడు.

“మనం గెలిచినట్టేనమ్మా. కొత్త ప్రింటుల మీ బొమ్మలన్నీ తీసేసిండ్రు.”

“మరి నా పేరు?”

“బొమ్మలే లేనప్పుడు పేరెట్ల ఉంటది? వాళ్లకు ఏది తేలికైతే అది చేసిండ్రు. పాత పుస్తకాల మీద కోర్టుకు పోదామంటే పోవచ్చు.”

ఆ పుస్తకం ఉండాలని, అందులో నా పేరు ఉండాలని కదా నేను కోరుకున్నది.

“ఓపిక లేదు సార్,” అని ఫోను పెట్టేశాను.

హాజరు తీస్తే సగం మంది లేరు. అమ్మల వెంట మిరపకాయ ఏరడానికి పోయారు. ఉన్నవాళ్లతోనే ఎక్కాలు మొదలుపెట్టాను.