రోజుకి ఒక్క ముక్క

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు, కొత్త ఉద్యోగం, పెద్దవాళ్లెవరికీ తెలియని సంగతులన్నీ నాకు తెలుసన్న గట్టి నమ్మకం. (ఆ నమ్మకం ఎంత హాయిగా ఉండేదో అది పోయాకే తెలిసింది.) రంగూన్‌లో తాకేటా అనే పేటలోని మా ఇంట్లో పెత్తనమంతా మేనత్తది. నాన్నకి షుగర్ వచ్చి చూపు మసకబారిన ఏడాది అత్త ఇంట్లోంచి తీపన్నదాన్నే తరిమేసింది. దీపావళికి కూడా కారప్పూసే. నాన్నేమో వీధి చివర టీ కొట్లో తియ్యటి డబ్బాపాల టీ తాగి, ఏ పాపమూ ఎరగనట్టు వచ్చి కూర్చునేవాడు. శిక్ష మాత్రం నాకు.

ఊరి నడుమ చౌక్తడాలో నేను పనిచేసే ఆఫీసులో ఒక పెద్దావిడ ఉండేది. బర్మా మర్యాద ప్రకారం ఆమెని అందరం పేరుకి ముందు 'డా' చేర్చి పిలిచేవాళ్లం. రోజూ భోజనమయ్యాక డార్క్ చాక్లెట్ ఒక్క ముక్క విరిచి నోట్లో వేసుకునేది. ఒకరోజు నాకూ ఒకటిచ్చి, చక్కెర తక్కువున్న ఈ రకం కొద్దిగా తింటే గుండెకి మంచిదంటారని, మనసూ తేలికపడుతుందని, ఎక్కువైతే మాత్రం మామూలు మిఠాయికీ దీనికీ తేడా లేదని చెప్పింది. ఆ చివరిమాట నేను సరిగా వినలేదు.

ఆ సాయంత్రమే పెద్ద బార్ కొని, బస్సు దిగి, తిన్నగా వెళ్లి అత్త ముందు పెట్టాను. దొంగతనంగా తినడం నాకు చేతకాదని, రోజుకి ఒక్క ముక్క అందరి ఎదుటే తింటానని ప్రకటించాను. అత్త కుట్టుమిషను ఆపలేదు. ఒక్క ముక్క దగ్గర ఆగే నాలుక మన ఇంట్లో ఎవరికీ లేదని, ఆగలేకపోతే మళ్లీ ఆ వస్తువు గుమ్మం తొక్కకూడదని అంది. సరేనన్నాను.

పదకొండు రోజులు ఆగాను. అత్త వైపే చూస్తూ, ఆ చిన్న ముక్కని విందు భోజనంలా తిన్నాను. పన్నెండో రోజు ఆదివారం. ఎండ మాడ్చేస్తోంది, ముందురోజు పోయిన కరెంటు ఇంకా రాలేదు. ఫ్రిజ్ తెరిస్తే మిగిలిన బారంతా కరిగి ఒకటే ముద్దయి ఉంది. చాలాసేపు ఆలోచించాను. (అబద్ధం. అస్సలు ఆలోచించలేదు.) గిన్నెలోకి తీసి, చెంచా పట్టుకుని వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. సగం పైగా అయ్యేసరికి అత్త వచ్చి నిలబడింది.

"ఏటే ఇది?"

"ఒక్క ముక్కే అత్తా. మధ్యలో ఎక్కడైనా గీత కనిపిస్తోందేమో చూడు."

అత్త నవ్వలేదు. చెంచా లాక్కుంది. "మీ నాన్న కూడా ఇలాగే కబుర్లు సెప్పి తినీవోడు. ఆడి కళ్లు సూసినావు గదా. నీకూ అలాగయితే నేను సూడలేనే."

అన్నాళ్లూ అది పెత్తనమనుకున్నాను. భయమని అప్పుడే తెలిసింది. అయినా నోరు ఊరుకోదు కదా. నన్ను ఓడించింది కరెంటు గానీ నాలుక కాదని, నువ్వొకసారి రుచి చూసి అప్పుడు తిట్టమని గిన్నె ముందుకు తోశాను. గొడవ తెమిలిపోతుందని కాబోలు, అత్త ఇంత గీకి నోట్లో పెట్టుకుంది. మొహం ముడుచుకుపోయింది.

"ఇంత సేదుగా ఉంటే దీన్ని తీపంటారేటి?"

చేదుగా ఉన్నది మిఠాయి కాదు గనక మందే అయుండాలని అత్త తీర్పు. మరుసటి వారం పందెం లెక్కచేయకుండా నేను ఇంకో బార్ తెస్తే, అడ్డు చెప్పకుండా తీసుకెళ్లి తన బీరువాలో పెట్టి తాళం వేసింది. రోజూ అన్నం తిన్నాక నా అరచేతిలో ఒక్క ముక్క పెట్టేది. ఉద్యోగం చేసే పిల్లని ఇలా చెయ్యి చాపించడం అన్యాయమని మూడు రోజులు పోట్లాడాను. నాలుగో రోజు బీరువా తెరిచి ఉన్నప్పుడు చూస్తే, బార్‌లో రోజుకి రెండేసి ముక్కలు తరుగుతున్నాయి. మర్నాటి నుంచి పోట్లాట మానేసి చెయ్యి చాపాను.

ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాను. ఒక్క ముక్క విరుచుకుంటాను, ఆగిపోతాను. ఎవరూ కాపలా లేరు, ఎవరి మీదా గెలవక్కర్లేదు. ఒంటికి ఇదే మంచిదని నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం మూతికంతా చాక్లెట్ పూసుకుని అత్తతో వాదించిన అమ్మాయి మాత్రం అప్పుడప్పుడు గుర్తొస్తుంది. చేసింది తప్పే. అయినా ఆ పిల్ల తరఫున క్షమాపణ చెప్పమంటే, నేను చెప్పను.