సంగీతం గడిలో రెండో పేరు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, మిరప కోతలు మొదలైన వారంలో, ఒక రాక్ బ్యాండు రికార్డింగ్ నాకు అప్పగించారు. గుంటూరులోని ఒక ప్రైవేటు స్టూడియోలో నేనప్పుడు చీఫ్ ఇంజినీరుని. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది ఉంది. అప్పటిదాకా నేను చేసినవన్నీ భక్తి గీతాలు, లలిత గీతాలు, ఎన్నికల పాటలు. ఈ వయసులో నా చెవులకు ఈ శిక్ష ఏమిటండీ అని యజమానిని అడిగాను కూడా. ఆయన నవ్వేసి షెడ్యూలు నా చేతిలో పెట్టారు.

బ్యాండులో ముగ్గురు. పాట రాసి పాడే హారికది పొన్నూరు. గిటారు వాయించే కిశోర్‌ది పర్చూరు. డ్రమ్స్ వాయించే మస్తాన్‌వలీ మార్టూరులో గ్రానైట్ పాలిష్ పట్టే యూనిట్లో పనిచేసేవాడు. డ్యూటీ దిగి, జుట్టులో రాతిపొడి దులుపుకుంటూ నేరుగా బస్సెక్కి వచ్చేవాడు. ఉన్నవి రెండు పాటలు. నాలుగు రోజుల్లో రికార్డింగూ మిక్సింగూ అయిపోయాయి.

చివరి పని క్రెడిట్ షీటు నింపడం. పాట విడుదలయ్యాక దాని కింద ఎవరి పేరు ఎలా కనబడాలో తేల్చేది ఆ కాగితమే. మా దగ్గర అచ్చు వేయించిన ఫారం ఉండేది. రచన, సంగీతం, గానం, వాద్య సహకారం అని నాలుగు గడులు. పాట కట్టినవాళ్ళుగా లెక్కకొచ్చేది మొదటి రెండు గడుల్లో ఉన్నవాళ్ళే. మిగతావాళ్ళకు తాము పాడినదాని మీద, వాయించినదాని మీద వేరే హక్కు ఉంటుంది గానీ, పాట వాళ్ళది కాదు. అందరూ సంతకాలు పెడితేనే పాట తుది ప్రతి, అంటే మాస్టర్ కాపీ, బయటికి వెళ్ళాలని మా నియమం. ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ ఎవర్నీ అడక్కుండా రెండు షీట్లూ నేనే నింపేశాను. రచన, గానం హారిక, సంగీతం కిశోర్, వాద్య సహకారం మస్తాన్‌వలీ.

మస్తాన్ మొదటి షీటు చదివి పెన్ను కింద పెట్టాడు. "ఇది తప్పండి. ఈ పాట కట్టడంలో నేనూ ఉన్నాను," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. డ్రమ్స్ వాయించడం వేరు, బాణీ కట్టడం వేరు బాబూ అని క్లాసు పీకాను. కిశోర్ కూడా అందుకున్నాడు. "ఒరేయ్, ట్యూన్ నాదేగా! నువ్వు బీట్ వేశావు, అంతేగా!"

మస్తాన్ గొంతు పెంచలేదు. "అయితే నా ట్రాకులన్నీ చెరిపేయండి సార్. నేను సంతకం పెట్టను," అన్నాడు. సంతకం లేకపోతే మాస్టర్ కదలదు. అతను వెళ్ళిపోతే బ్యాండే ఉండదు.

వాదన తెగ్గొడదామని డ్రమ్స్ ట్రాకులు మ్యూట్ చేసి పాట వినిపించాను. బాణీ శుభ్రంగా వినబడింది. చూశావా అన్నట్టు అతని వంక చూశాను. అతను కదిలితేగా! "అది నా దరువు వింటూ పాడిందండి. హెడ్‌ఫోన్లో దరువు తీసేసి కొత్తగా పాడించండి, చూద్దాం," అన్నాడు. మొండిఘటం అని లోపల తిట్టుకున్నాను. కానీ అడిగినదాంట్లో న్యాయం ఉంది.

హారికను బూత్‌లోకి పంపి క్లిక్ మాత్రం ఇచ్చాను. క్లిక్ అంటే లయ తప్పకుండా చెవిలో టక్కుటక్కుమనే గుర్తు. ఆ పాట పల్లవి దెబ్బ మీద మొదలవదు. మస్తాన్ రెండు దెబ్బలు కొట్టి ఆపేస్తాడు, ఆ ఖాళీలోంచి హారిక గొంతు లేస్తుంది. ఆగాలని తెలిసినా ఎంత ఆగాలో ఆమెకు అందలేదు. దెబ్బ మీదే ఎత్తుకుంది. మాటలు ముందుకు జరిగిపోయాయి, పైకి లేవాల్సిన చోట బాణీ చదునుగా పడింది. మూడుసార్లు పాడించినా అంతే. హెడ్‌ఫోన్లు తీసి బయటికొచ్చి, "ఇది మన పాట కాదురా కిశోరూ," అంది.

ఆ ఖాళీ పెట్టాలన్న ఆలోచన ఎవరిదని కిశోర్‌ని అడిగాను. అతను గిటారు తీగలు సవరించసాగాడు. "నేను మామూలుగానే కట్టానండి. వీడు అక్కడ ఆపాడు. ఆపాక ట్యూన్ మార్చాల్సొచ్చింది," అన్నాడు. మారిన ట్యూనే మేం రికార్డు చేసింది. నేను షీటు చింపేసి కొత్తది తీశాను. సంగీతం గడిలో ఇద్దరి పేర్లూ రాశాను.

కిశోర్ సిగ్గుపడ్డాడు. "రెండో పాటకి కూడా వాడి పేరు కలిపేయండి సార్, గొడవుండదు," అన్నాడు. కొన్ని బ్యాండ్లలో ఆ పద్ధతి ఉంది. ఎవరు ఏం కట్టినా అన్ని పాటలకూ అందరి పేర్లూ వేసుకుంటారు. నేను పెన్ను ఎత్తాను.

మస్తాన్ నా చెయ్యి ఆపాడు. "వద్దురా కిశోరూ. దాంట్లో నేను వాయించానంతే. నాది కానిది నాకెందుకు?" అని రెండో షీటు లాక్కుని, వాద్య సహకారం దగ్గరున్న తన పేరు పక్కనే సంతకం పెట్టాడు.

ఆ వారమే పద్ధతి మార్చాను. మైకు పెట్టకముందే ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి, ఈ పాటలో నువ్వు కట్టినదేమిటని అడిగి, వాళ్ళ మాటల్లోనే రాయించి, సంతకాలయ్యాకే రికార్డింగ్. టైము దండగని కొందరు విసుక్కున్నారు, నేను వినలేదు. అంతకుముందు ముప్పై ఏళ్ళలో ఎందరు తబలావాళ్ళను, వేణువువాళ్ళను అడక్కుండా నాలుగో గడిలో వేశానో నాకే తెలియదు. వాళ్ళలో ఒక్కరూ నోరెత్తలేదు. నోరెత్తలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాను. ఆ అనుకోవడమే నా తప్పు.