రత్తమ్మగారి పెరట్లో పందికొక్కు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, కాలవలకు నీరు వదిలిన జూన్ నెలలో, నన్ను గుడివాడ నుంచి పెదపారుపూడి మండలానికి వ్యవసాయ విస్తరణాధికారిగా బదిలీ చేశారు. మండల వ్యవసాయాధికారి కింద ఊళ్ళు తిరిగే ఉద్యోగం అది. చేరిన వారంలోనే నాకు అప్పగించిన పని ఒక పెరడు.

దమ్ము చేసిన చేలల్లో నీరు నిలవగానే గట్లలోని పందికొక్కులు ఇళ్ళవైపు వస్తాయి. రత్తమ్మగారి పెరట్లో మట్టి కుప్పలు లేచాయి. ఒక బొరియ కోళ్ళగూడు కిందికి పోయింది, కోడిపిల్లలు మాయమవుతున్నాయి. ఆమె ఒంటరి మనిషి, గుడ్లూ కోళ్ళూ అమ్ముకునే బతుకుతున్నారు. విషపు ఎర పెట్టి రమ్మని మా అధికారి పంపారు.

"మీ మందు ముందు నా కోళ్ళే తింటాయి. వద్దు బాబూ," అన్నారామె.

నాకు లోలోపల సంబరమే వేసింది. గుడివాడ గ్రంథాలయంలో ఎలుకల జాతుల మీద ఉన్న పుస్తకాలన్నీ సెలవురోజుల్లో కూర్చుని చదివినవాణ్ణి. మందు లేకుండా పందికొక్కును పట్టి చూసే పెరడు ఇప్పటికి దొరికింది.

సాయంత్రం బొరియలన్నీ మట్టితో మూశాను. తెల్లారేసరికి ఏది తెరుచుకుంటే దాంట్లో జంతువు ఉన్నట్టు. గూడు పక్కన రెండు తెరుచుకున్నాయి. దగ్గర్లో బోను పెట్టి, తలుపు పడకుండా కట్టేసి, లోపల వేయించిన ఎండు రొయ్యలు ఉంచాను. కొత్త వస్తువంటే దానికి అనుమానం. అలవాటు పడేదాకా తిని పోనివ్వాలి.

"పట్టుకోమంటే విందు పెడుతున్నారేంటండీ? కొత్తల్లుడా అది?" అన్నారు రత్తమ్మగారు.

అల్లుడు విందు ముట్టలేదు. మర్నాడూ అంతే. చదివిందంతా తలచుకుంటూ తిరుగుతుంటే, గూడు ముందు మిగిలిన తవుడు ముద్దలో కోళ్ళవి కాని పాదాల గుర్తులు కనిపించాయి. ఆమె రోజూ పొద్దుగూకే ముందు కోళ్ళకు తడిపిన తవుడు పెట్టి, మిగిలింది పొద్దున తింటాయని వదిలేస్తున్నారు. ఆనందంతో నాకు కాళ్ళు నిలవలేదు.

"దాన్ని పోషిస్తున్నది మీరేనండీ," అన్నాను.

"నా కోడిపిల్లల్ని తిన్నదానికి నేను పెడుతున్నానా? ఏదీ, చూపించండి."

గుర్తులు చూశాక చీపురు తెచ్చి మిగిలిన తవుడంతా ఊడ్చేశారు.

ఆ రాత్రే రొయ్యలు ఖాళీ. మర్నాడూ ఖాళీ. మూడో సాయంత్రం తలుపు కట్టు విప్పి వెళ్ళాను. పొద్దున్నే ఫోను.

"అల్లుడుగారు దిగారండీ. పళ్ళు నూరుతున్నారు. త్వరగా రండి."

బోను పెరటి బయట పెట్టి బొరియ తవ్వించాం. తెరుచుకున్న రెండూ ఒకే బొరియకు రెండు నోళ్ళు. ఖాళీగా వదిలితే మరొకటి దిగుతుంది కనుక ఇటుక ముక్కలు, మట్టి వేసి గట్టిగా దిమ్మిస కొట్టించాను. ఆ తర్వాత రత్తమ్మగారి కోడిపిల్లలు తగ్గలేదు.

పందికొక్కును పట్టడం చివరి పని. అది రాత్రి ఏం తింటోందో తెలుసుకోవడం మొదటి పని. ఆ తర్వాత ఎవరు పిలిచినా బోను బండి మీదే ఉంచి, సాయంత్రం కోళ్ళకు ఏం పెడుతున్నారని ముందు అడిగేవాణ్ణి.